అల్యూమినియంలో ఏం కలిపితే బలం? కొన్ని అపోహలు, వాస్తవాలు

రేణిగుంట దగ్గర గాజులమండ్యం వైపు క్యాస్టింగ్ షాపుల్లోనూ, తిరుపతిలో కిటికీలు చేసే వాళ్ల దగ్గరా నాకు తరచూ వినపడే మాటలివి.

అపోహ: కలిపేకొద్దీ బలం పెరుగుతుంది.

వాస్తవం: ఘనరూపంలో ఉన్న అల్యూమినియం తనలో ఇముడ్చుకోగలిగే దానికి హద్దు ఉంది. రాగి 548 డిగ్రీల దగ్గర సుమారు 5.65 శాతం ఇముడుతుంది, చల్లారితే దాదాపు ఇమడదు. బలమంతా ఈ తేడాలోంచే వస్తుంది. బాగా వేడి చేసి ఒక్కసారిగా నీళ్లలో ముంచితే రాగికి బయటపడే టైం దొరకదు. ఆ తర్వాత తక్కువ వేడి మీద కొన్ని గంటలు ఉంచితే మామూలు మైక్రోస్కోపుకు కూడా అందనంత సన్నటి రేణువులుగా విడిపోతుంది. లోహం సాగాలంటే లోపలి పొరలు ఒకదానిమీద ఒకటి జారాలి. ఈ రేణువులు దానికి అడ్డం పడతాయి. హద్దు దాటి కలిపింది మాత్రం ముద్దలుగా మిగిలి, పగుళ్లు అక్కడే మొదలవుతాయి.

మెగ్నీషియం, సిలికాన్ కలిపిన 6061 అనే గ్రేడ్‌నే చూడండి. ఆ పాళ్లు మారకుండానే, మెత్తబరిచినప్పుడు సుమారు 55 మెగాపాస్కల్స్ దగ్గర సాగిపోయేది టి6 (పైన చెప్పినట్టు వేడి చేసి, ముంచి, తక్కువ వేడిలో ఉంచడం) చేశాక 275 దాకా తట్టుకుంటుంది. జర్మన్ లోహ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ విల్మ్ ఇలా గట్టిపడటాన్ని 1906లోనే గమనించాడు. ఆ రేణువుల జాడ ఎక్స్‌రేల్లో గినియర్, ప్రెస్టన్ అనే శాస్త్రవేత్తలకు దొరికింది 1938లో. ఈలోగా విల్మ్ చేసిన రాగి కలిపిన అల్యూమినియం, డ్యురాలుమిన్‌తో విమానాలు ఎగిరేశాయి!

అపోహ: సిలికాన్ ఉంటే పెళుసే.

వాస్తవం: క్యాస్టింగ్‌కు వాడే ఏ356 గ్రేడ్‌లో సిలికాన్ 7 శాతం ఉంటుంది. అది పదునైన పలకల్లా పేరుకుంటే పెళుసు. 0.02 శాతం స్ట్రాన్షియం అనే లోహం వేస్తే సన్నటి పీచులా మారి, క్యాస్టింగ్ విరిగే ముందు కాస్త సాగుతుంది. కానీ కరిగిన లోహాన్ని ఎక్కువసేపు నిలబెడితే స్ట్రాన్షియం తరిగిపోతుంది. షిఫ్ట్ మారేటప్పుడు ఎవరూ పట్టించుకోనిది ఇదే.

అపోహ: స్క్రాప్‌తో కాస్త ఇనుము వస్తే ఏం కాదు.

వాస్తవం: ఏ356 లాంటి వాటిలో అది సూదుల్లా పెరిగి సాగే గుణాన్ని చంపుతుంది. మాంగనీస్ వేస్తే ఆ సూదుల ఆకారం మారి నష్టం తగ్గుతుందే తప్ప ఇనుము పోదు. అందుకే, ఇనుము కరిగి లోహంలో కలవకుండా, ఇనప గరిటెలకు కోటింగ్ తప్పనిసరి. కరిగిన లోహాన్ని ఉక్కు అచ్చులోకి (డై) ఒత్తిడితో నెట్టే ప్రెషర్ డై క్యాస్టింగ్ వాళ్ల సంగతి వేరు, లోహం డైకి అతుక్కోకుండా వాళ్లు కావాలనే కొంత ఇనుము ఉంచుతారు.

అపోహ: ఖరీదైన గ్రేడ్ వేస్తే కిటికీ ఫ్రేమ్ ఊగదు.

వాస్తవం: మామూలు గ్రేడ్లన్నిటికీ బిగువు (వంగకుండా నిలిచే గుణం) ఇంచుమించు 70 గిగాపాస్కల్సే. గాలికి ఊగుతుంటే సెక్షన్ లోతు పెంచండి, కిటికీలకు మామూలుగా వాడే 6063 గ్రేడే చాలు.