ఆ నురగలోకి ఎందుకు దిగనివ్వలేదంటే

చిన్నోడికీ, పాపకీ తాత ఆశీస్సులు.

అగ్నిమాపక వారోత్సవాలకు మీ స్కూలుకి ఫైరింజన్ వచ్చిందని, ట్రేలో డీజిల్ పోసి అంటించి నురగ కొట్టి ఆర్పి చూపించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ నురగలో ఆడబోతే ఫైర్‌మన్ మామ గట్టిగా అరిచి వెనక్కి పంపాడంట కదా. "సబ్బు నురగే కదా, ఏమవుతుంది?" అని చిన్నోడు అలిగాడంట. నేను రిటైరయింది ఆ ఉద్యోగంలోనే. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

చెన్నై నుంచి పుత్తూరు మీదుగా రేణిగుంట వైపు వచ్చే పెట్రోలు ట్యాంకర్లను చూసే ఉంటారు. అలాంటి బండి బోల్తాపడి అంటుకుంటే ఒట్టి నీళ్లతో ఆర్పలేం. పెట్రోలు నీటికన్నా తేలిక. నీళ్లు కిందికి పోతాయి, పెట్రోలు పైకి తేలి మండుతూనే ఉంటుంది, నీళ్లు పారినచోటికల్లా మంట కూడా పారుతుంది. అందుకే నురగను దుప్పటిలా కప్పుతాం. మంటకు గాలి అందదు, పెట్రోలు ఆవిరి పైకి లేవదు.

ఈ నురగ వచ్చేది క్యాన్లలో ఉండే చిక్కటి ద్రవం నుంచి. మేం దాన్ని ఫోమ్ కాంపౌండ్ అంటాం. 3 శాతం రకమైతే 97 లీటర్ల నీళ్లకు 3 లీటర్లు కలుస్తుంది. క్యాన్‌లో ట్యూబు పెడితే నీటి వేగానికి ఫోమ్ బ్రాంచ్, అంటే పైపు చివర ఉండే గొట్టం, దాన్ని పీల్చుకుంటుంది, దారిలో గాలి కలుపుకొని నురగగా చిమ్ముతుంది. జనం కళ్లన్నీ బ్రాంచ్ పట్టుకున్నవాడి మీదే ఉంటాయి. కానీ ఎక్కువ తడిసేది వెనకాల క్యాన్లు అందించేవాడు. మూత తీయాలి, ఖాళీ అయిన క్యాన్‌లోంచి ట్యూబు లాగి నిండుదాంట్లో పెట్టాలి, అదీ పరుగులమీద. మోచేతుల దాకా కారుతుంది, బూట్లలోకి పోతుంది. గాలి తిరిగితే నురగ ముఖం మీదికే వస్తుంది. మంట ఆరాక ఎవరో టీ, పొట్లాల్లో పులిహోర తెస్తారు. ఆకలి మీదుంటాం, చేతులు సరిగా కడిగే ఓపిక ఎవరికుంటుంది? ఒంట్లోకి పోయే దారుల్లో ఇదొకటి.

పాతకాలపు ప్రోటీన్ ఫోమ్‌ను పశువుల కొమ్ములు, గిట్టల పొడి నుంచి తీసేవాళ్లు. ఆ కంపుకి పిల్లలెవరూ దగ్గరికొచ్చేవాళ్లు కాదు. 1960లలో అమెరికా నౌకాదళం, 3ఎం కంపెనీ కలిసి ఏఎఫ్‌ఎఫ్‌ఎఫ్ అనే కొత్తరకాన్ని తయారుచేశాయి. ఇది పెట్రోలు మీద పలుచని నీటిపొర పరుస్తుంది, మంటను చాలా త్వరగా అణుస్తుంది. ఆ మేలు కాదనలేం. అయితే ఆ పొర ఏర్పడటానికి అందులో పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు కలుపుతారు. చిక్కంతా అక్కడే ఉంది.

పాపా, నువ్వు కెమిస్ట్రీలో కార్బన్ బంధాలు చదివావు కదా. కార్బన్, ఫ్లోరిన్ పట్టుకుంటే విడదీయడం మహా కష్టం. ఎండా వానా, మట్టిలోని సూక్ష్మజీవులూ దాన్ని తెంచలేవు. మన ఒంట్లోకి చేరితే రక్తంలోని ప్రోటీన్లకు అంటుకుంటుంది. ఈ పీఫాస్ కుటుంబంలోని పీఫోస్, పీఫోవా అనే రెండు రసాయనాలు ఒంట్లో సగానికి తగ్గడానికే ఏళ్లు పడుతుంది. నెలనెలా డ్రిల్లులో కాస్త కాస్త చేరుతుంటే, పాతది పోకముందే కొత్తది వచ్చి కూర్చుంటుంది.

2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ పీఫోవాను మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే వాటి మొదటి వర్గంలో పెట్టింది. కిడ్నీ, వృషణాల క్యాన్సర్లతో దీనికి సంబంధం కనిపించింది. కొలెస్ట్రాల్ పెరగడం, టీకాలు వేసినా రక్షణ తక్కువగా రావడం కూడా ఈ రసాయనాలతో ముడిపడి ఉన్నాయని తేలింది. అంతకుముందు 2022లో అదే సంస్థ ఫైర్‌మన్ ఉద్యోగాన్నే ఆ మొదటి వర్గంలో చేర్చింది. దానికి నురగ ఒక్కటే కారణం కాదు. పొగలో బెంజీన్ అనే విష రసాయనం ఉంటుంది, మసి చర్మానికి పట్టుకుంటుంది.

ఇదంతా చదివి టెన్షన్ పడకండి. ఒకరోజు కాళ్లకు కాస్త నురగ తగిలినంత మాత్రాన జబ్బు రాదు, సబ్బుతో కడుక్కుంటే చాలు. నా బాధంతా ఏళ్ల తరబడి దాంట్లో తడిసేవాళ్ల గురించి. తయారుచేసిన 3ఎం కంపెనీకి తన కార్మికుల రక్తంలో ఈ రసాయనాలున్నాయని 1970లలోనే తెలుసు. పీఫోస్ తయారీ ఆపేస్తామని ప్రకటించింది మాత్రం 2000లో. మధ్యలో అన్నేళ్లు క్యాన్లు వంచినవాళ్లకు ఆ ముక్క ఎవరు చెప్పారు? నాకు కోపమొచ్చేది దీనికే.

నేలకూ ఇదే గతి. 2005లో ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్ చమురు డిపో తగలబడినప్పుడు కొట్టిన నురగ భూగర్భజలాల్లోకి దిగింది. మన చుట్టుపక్కల పల్లెలు బతికేది బోర్ల మీదే కాబట్టి, డ్రిల్లులో వాడిన నురగను కాలవలోకి వదలకూడదని నేను పట్టుబట్టి చెబుతాను. కాచి తాగితే పోతుందనుకోవద్దు, కాస్తే ఈ రసాయనం పోదు.

చేయదగ్గది చాలా ఉంది. ఫ్లోరిన్ లేని నురగలు వచ్చాయి. యూరప్ 2025లో పీఫాస్ ఉన్న నురగలను దశలవారీగా ఆపేయాలని నిబంధన తెచ్చింది. కొత్త కాంపౌండ్ పోసే ముందు పాత ట్యాంకును బాగా కడగాలి, లేకుంటే పాతదాని మిగులు ఇందులోనూ కలుస్తుంది. డ్రిల్లుకు ఫ్లోరిన్ లేని శిక్షణ నురగ చాలు. తడిసిన యూనిఫాం ఇంటికి తెచ్చి పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు. ఆస్ట్రేలియాలో ఫైర్‌మెన్‌తో ఏడాదిపాటు ఆరు వారాలకోసారి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, దానం చేయిస్తే రక్తంలో పీఫోస్ దాదాపు 30 శాతం తగ్గింది. అంటే ఒంట్లో చేరినదాన్ని కొంతైనా దించే దారి ఉంది.

చిన్నోడా, పెద్దయ్యాక ఫైర్‌మన్ అవుతానంటున్నావంట. నాకు చాలా సంతోషం, నేను వద్దనను. చేరిన మొదటిరోజే స్టోర్‌కి వెళ్లి క్యాన్ మీది లేబుల్ చదువు. ఫ్లోరిన్ ఉందో లేదో రాసి లేకపోతే మీ ఆఫీసర్‌ను అడుగు. గ్లవ్స్ ఇవ్వమను, డ్రిల్లు తర్వాత స్నానానికి టైమివ్వమను. సిగ్గుపడకు, అడగడం నీ హక్కు.

ఇట్లు,
మీ తాత
తిరుపతి