మార్పుకు సిద్ధపడటం: అనంతపురం పల్లెల్లో వినే అపోహలు, చూసిన వాస్తవాలు

పద్నాలుగేళ్లుగా ఉమ్మడి అనంతపురం జిల్లా పల్లెల్లో, చిన్న టౌన్లలో నేను చేస్తున్న పని ఒక్కటే. రైతు సంఘాలతో, పొదుపు సంఘాల అక్కలతో, మగ్గం నేసేవాళ్లతో కూర్చుని లెక్క వేస్తాను. ఇంకో పదేళ్లకు ఈ ఊరికి డబ్బు ఏ దారిన వస్తుంది? వచ్చిన డబ్బు ఊళ్లో ఎన్ని చేతులు మారాక బయటికి పోతుంది? మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు. రెండోది దాదాపు ఎవరూ అడగరు. నేను చూసినంతలో ఊరు నిలబడేదీ చితికిపోయేదీ ఆ రెండోదాని మీదే. నేను తరచూ వినే అపోహలు కూడా ఎక్కువగా దాన్ని మర్చిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: పెద్ద ఫ్యాక్టరీ ఒకటి వస్తే చాలు

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం జరిగింది. 2019లో బండ్లు రోడ్డెక్కాయి. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేయగల ప్లాంటుగా మొదలైంది అది. అది వచ్చాక 44వ నంబరు హైవే పొడవునా అద్దె గదులు, మెస్‌లు, కంపెనీ బస్సులు, విడిభాగాల యూనిట్లు పెరిగాయి. నాకు తెలిసిన పిల్లలు చాలామంది ఐటీఐ, డిప్లొమా చేసి అక్కడే పనిచేస్తున్నారు. వాళ్ల ఇళ్లకు వెళ్లినప్పుడు సంతోషంగా ఉంటుంది.

కానీ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో ఈ జిల్లా చాలా చూసింది. రామగిరిలో బంగారు గని మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. వేరుశనగ కథ అంతకంటే పెద్దది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే ఎర్ర నేలల్లో లక్షల ఎకరాలు బుడ్డలే (వేరుశనగే) వేశాం. కొర్ర, సామ, ఆరిక, అలసంద అన్నీ పక్కకు పోయాయి. 1994లో పామాయిల్ దిగుమతులకు గేట్లు తెరిచారు. అప్పటినుంచి మన బుడ్డల ధరకు మలేషియా, ఇండోనేషియా తోటలతో పోటీ మొదలైంది. వాన వచ్చిన ఏడాది ధర లేదు, ధర ఉన్న ఏడాది వాన లేదు. ఆ రోజుల్లో నష్టపోయిన కుటుంబాల పిల్లలే ఇప్పుడు నా ట్రైనింగుల్లో కూర్చుంటున్నారు. అందుకే 'ఒక్కటి చాలు' అని ఎవరన్నా నాకు గుండెలో భయం వేస్తుంది.

కార్ల పనీ అంతే. ఎలక్ట్రిక్ కారులో ఇంజను ఆయిల్ ఉండదు, క్లచ్ ఉండదు, సైలెన్సర్ ఉండదు. ఏదో ఒక్క విడిభాగం బిగించడంలోనే చేయి తిరిగిన పిల్లవాడికి ఆ భాగమే లేని బండి వస్తే టెన్షన్. కొలతలు తీయడం, వైరింగ్ చదవడం, సెన్సార్ ఎందుకు ఆగిందో వెతకడం తెలిసిన పిల్లవాడు ఏ ఫ్యాక్టరీకైనా పోగలడు, ఊళ్లో షెడ్డు కూడా పెట్టుకోగలడు. తల్లిదండ్రులు 'ఏ కంపెనీలో చేర్చాలి సార్' అని అడిగితే, ఏ పని నేర్పిస్తారో ముందు కనుక్కోమని చెబుతాను.

అపోహ: టెక్నాలజీ అంటే కొనుక్కునే మిషన్

నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే.

ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మసేద్యం పథకం 2003లో మొదలైంది. సబ్సిడీ మీద డ్రిప్పు వేసుకున్న జిల్లాల్లో మనది ముందు వరుస. ఏ చీనీ (బత్తాయి) తోటకు పోయినా నల్ల పైపులు కనిపిస్తాయి. అయితే పైపు వేయడం వేరు, పదేళ్లు నీళ్లు పారించడం వేరు.

గార్లదిన్నె వైపు ఒక తోటకు పోయాను. ఆరేళ్ల చెట్లు, ఒక వరుసలో ఆకు పసుపు తిరిగింది. రైతు 'నీళ్లు సాలడంలేదని మోటారు మార్చినా సార్, ముప్పై వేలు పోయినాయి' అన్నాడు. చెట్టు కింద పైపు చేత్తో పట్టుకుంటే గట్టిగా తగిలింది. బ్లేడుతో ఒక జానెడు కోసి చీల్చి చూస్తే లోపల గోడంతా తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. నీటి చుక్క బయటికి రావాల్సిన రంధ్రం మూసుకుపోయింది. ఫిల్టరు మూత తిప్పితే తిరగలేదు. ఇద్దరం పట్టి తిప్పితే వచ్చింది. లోపలి జల్లెడ నిండా ఎర్ర బురద. బిగించినప్పటినుంచి దాన్ని ఎవరూ తెరవలేదు. తెరవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఫిల్టరు తరచూ కడగాలి, పైపుల చివర మూతలు తీసి నీళ్లు వదలాలి, అవసరమైనప్పుడు యాసిడ్ ట్రీట్‌మెంట్ చేయాలి. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి తప్ప నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు, పోస్తే ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. మోతాదు తెలియకపోతే తెలిసినవాళ్లను పిలవాలి. ఇందులో రైతు చేసుకోలేనిది ఏదీ లేదు. కానీ ఆ మండలంలో ఈ పని తెలిసి పిలిస్తే వచ్చే మనిషి ఒక్కడూ లేడు. ఆయన మోటారు మార్చిన డబ్బు జిల్లా దాటిపోయింది.

తర్వాత ఆ రైతు తమ్ముడి కొడుకే ఈ పని నేర్చుకున్నాడు. ఇప్పుడు టీవీఎస్ ఎక్సెల్ వెనక ఒక డబ్బాలో గ్రోమెట్లు, జాయినర్లు, ఎండ్‌క్యాపులు, వాషర్లు పెట్టుకుని తిరుగుతాడు. ఎలుక కొరికిన పైపు అతికినా, ఫిల్టరు కడిగినా ఎకరానికి ఇంత అని తీసుకుంటాడు. డ్రోన్లు, సోలార్ పంపులు, మట్టిలో తేమ చెప్పే సెన్సార్లు, అన్నిటికీ రేపు ఇలాంటి డబ్బా ఒకటి కావాలి. 2023 నవంబరులో కేంద్రం మొదలుపెట్టిన డ్రోన్ దీదీ పథకంలో మహిళా సంఘాలకు డ్రోను ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల వరకు సబ్సిడీ ఉంది. మంచి పథకం. దాన్ని తీసుకోవాలనుకునే అక్కలను నేను ముందు అడిగేది, రెక్క విరిగితే ఎవరు మారుస్తారు, బ్యాటరీ బలహీనపడితే ఎక్కడ దొరుకుతుంది, ఏడాదిలో ఎన్ని రోజులు పని ఉంటుంది అని. ఈ మూడిటికీ జవాబు దొరికాకే అప్లికేషన్ పెట్టమంటాను.

అపోహ: మగ్గానికి కాలం చెల్లింది

ధర్మవరంలో చాలా ఇళ్లలో ఈ మాట పిల్లలే తల్లిదండ్రులకు చెబుతున్నారు. వాళ్లను తప్పుపట్టలేను, కూలి గిట్టుబాటు కావడం లేదు. అయితే దానికి మగ్గం పాతబడటం కారణం అంటే ఒప్పుకోను. మరమగ్గం మీద నేసిన చీరను చేనేత అని అమ్మడం పెద్ద దెబ్బ. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద 11 రకాల వస్త్రాలు చేనేతకే, అందులో చీర ఉంది. పట్టుకు సిల్క్ మార్క్, చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ ఉన్నాయి. ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. కొనేవాళ్లు వీటిని అడగడం మొదలుపెడితే అంగడివాళ్లు కూడా పెట్టక తప్పదు.

ఇక కొత్త కాలం. ఈమధ్య పెళ్లివాళ్లు ఫోన్‌లో ఏఐ గీసిన బొమ్మ పట్టుకుని వస్తున్నారు, 'ఇట్ల కావాల' అని. నేను కూర్చుని ఉండగానే ఒకరు అలా వచ్చారు. నెమలి రెక్కలో పదిహేను రంగులు ఉన్నాయి, ఒకదాంట్లోకి ఒకటి పొగలా కలిసిపోయి. మగ్గం మీద రంగు పొగలా కలవదు. పేకలో (అడ్డం పోగుల్లో) ఏ రంగు నూలు పోతే ఆ రంగే. మగ్గం మీద డిజైన్ తీసే పరికరం జకార్డ్, దాంట్లో ఎన్ని హుక్కులు ఉంటే అంత వెడల్పే బుటా. డిజైన్ వేసే అన్న బొమ్మను కంప్యూటర్‌లో గళ్ల కాగితం మీదికి దించి, రంగులు నాలుగుకు తగ్గించాడు. మెడ దగ్గర వంపును గడి గడిగా సరిదిద్దుతూ గంటన్నర కూర్చున్నాడు. ఒక గడి అటు జరిగితే నెమలి ముక్కు బాతు ముక్కులా అవుతుందని చూపించాడు. దాన్నుంచి జకార్డ్‌కు రంధ్రాల అట్టలు కొడితే మగ్గం ఎక్కుతుంది, ఎలక్ట్రానిక్ జకార్డ్ అయితే అట్టలూ అక్కర్లేదు.

ఏఐ బొమ్మకూ మగ్గానికీ నడుమ కూర్చున్న ఆ అన్న పని రేపు ఇంకా పెరుగుతుంది. ఆ పని చేయాలంటే కంప్యూటర్ రావాలి, పడుగు (నిలువు పోగులు), పేక తెలియాలి. కంప్యూటర్ ఒక్కటే వచ్చిన పిల్లలు అన్ని ఊళ్లలో ఉన్నారు. చిన్నప్పటినుంచి అమ్మ పక్కన కూర్చుని పాత పడుగుకు కొత్త పడుగు పోగు పోగు అతికిన పిల్లలు ధర్మవరంలోనే ఉన్నారు. వాళ్లకు డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్పండని ఎన్ని మీటింగుల్లో చెప్పానో లెక్కలేదు.

అపోహ: సోలార్ పార్కు వచ్చిందంటే ఉద్యోగాలు వచ్చినట్టే

నంబులపూలకుంట సోలార్ పార్కు 1,500 మెగావాట్లకు మంజూరైనది. కట్టేటప్పుడు వందలమందికి పని ఉంటుంది. కట్టాక మిగిలేది కాపలా, పలకలు కడగడం, గడ్డి కోయడం, కొద్దిమంది టెక్నీషియన్లు. ఇందులో మోసమేమీ లేదు, సోలార్ ప్లాంటు నడిచే తీరే అది. పల్లెకు ఎక్కువ పని దొరికేది ఇంటి కప్పుల మీద. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. బిగించడానికి, రిపేరుకు మనిషి దగ్గరలోనే కావాలి. ఎలక్ట్రీషియన్ పని వచ్చిన ప్రతి పిల్లవాడూ ఇది నేర్చుకోవచ్చు.

అపోహ: ఫోన్‌లో ధర తెలిస్తే రైతుకు ధర దొరుకుతుంది

ధర తెలియడం మేలే. కానీ చీనీ లారీ మార్కెట్ గేటు లోపలికి పోయాక, కాయ ఎండకు వాడిపోతుంటే, ఫోన్‌లో ఇంకో మార్కెట్ ధర చూసి రైతు ఏం చేయగలడు? సూట్ అని టన్నుకు ఇంత తరుగు తీస్తుంటే చూస్తూ నిలబడటమే. బేరం ఆడాలంటే వెనక్కి తగ్గే దారి ఉండాలి. అంటే తోటలోనే సైజుల వారీగా ఏరడం, నాలుగు రోజులు నిల్వ ఉంచే చోటు, పది మంది కలిసి ఒక లారీ నింపడం.

అరటిలో ఇది కళ్లారా చూశాం. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకు ఎగుమతి అరటి కంటైనర్ల రైలు పోయింది. అదే ఏడాది సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు నడిచింది, తర్వాత కిరాయిలో సగం రాయితీ కూడా ఇచ్చారు. రాయితీలు వస్తాయి, పోతాయి. గెలకు కవరు తొడగడం, మచ్చ పడకుండా హస్తాలు కోయడం, కడిగి డబ్బాలో సర్దడం వచ్చినవాళ్లకు ఆ పని చేతిలో ఉండిపోతుంది. నేను చూసిన ఒక ప్యాక్‌హౌస్‌లో మొదట ఈ పనికి వేరే రాష్ట్రం కూలీలు వచ్చేవాళ్లు. మన అమ్మాయిలకు నేర్పడానికి రెండు సీజన్లు పట్టింది. ఇప్పుడు ఆ కూలి ఆ పల్లెల్లోనే ఖర్చవుతోంది.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే కొత్త కాలానికి రెడీ అయినట్టే

కొన్నేళ్ల కిందట నేనే నలభై మంది పిల్లలను మూడు నెలల కంప్యూటర్ కోర్సుకు పంపాను. ఒక శిక్షణ సంస్థ ఉద్యోగం గ్యారంటీ అంది. కోర్సు అయ్యింది, గ్రూపు ఫోటో తీశారు, సర్టిఫికెట్లు ఇచ్చారు. బెంగళూరులో చూపించిన ఉద్యోగం జీతం గది అద్దెకూ తిండికీ సరిపోయేది కాదు. ఎక్కువమంది రెండు నెలల్లో తిరిగొచ్చారు. ఒకమ్మాయి తండ్రి నన్ను ఏమీ అనలేదు, 'ఏం చేస్తాంలేప్పా' అని టీ ఇచ్చాడు. ఆ టీ నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అప్పటినుంచి ఏ కోర్సుకైనా పిల్లలను పంపేముందు, పోయినసారి అక్కడ నేర్చుకున్న ఐదుగురితో నేనే మాట్లాడతాను. ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు, చేతికి ఎంత వస్తోంది అని అడుగుతాను. ఆ ఐదుగురి నంబర్లు ఇవ్వని సంస్థ దగ్గరికి పోను.

అపోహ: పెద్దవాళ్లకు, చదువురాని అక్కలకు ఇవేవీ ఎక్కవు

ఎక్కుతాయి. కూరగాయల బండి అక్కలు ఏడాదిలోపే క్యూఆర్ స్కానర్‌కు అలవాటుపడ్డారు. వాళ్లకు ముందు నేర్పాల్సింది ఒకే ముక్క: డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. పిన్ అడిగారంటే మన డబ్బు పోతున్నట్టే.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

మేం చేసేది చాలా సాదా పని. రచ్చకట్ట దగ్గరో, సంఘం ఆఫీసులోనో నేల మీద సుద్దముక్కతో పెద్ద గుండ్రం గీస్తాం, అదే ఊరు. పోయిన నెల ఊరికి బయటినుంచి వచ్చిన డబ్బుకు లోపలికి ఒక గీత, బయటికి పోయినదానికి బయటికి ఒక గీత. మోటారు రీవైండింగ్, ఫోన్ స్క్రీన్, ట్రాక్టర్ రిపేరు, విత్తనం, పెళ్లి వంట, కోచింగ్ ఫీజు, ఆస్పత్రి. బయటికి పోయే గీతలు ఎన్ని ఉన్నాయో చూసి మొదట అందరూ కాసేపు మాట్లాడరు. తర్వాత ఎవరో ఒకరు 'ఇది మన ఊర్లోనే చేసుకోవచ్చు గదా' అని ఒక గీత మీద వేలు పెడతారు.

నార్పల మండలంలో ఒక పల్లెలో పోయిన నెల అలా వేలు పెట్టింది పదో తరగతి తప్పిన ఒక అమ్మాయి. ఆమె చూపించింది మోటారు రీవైండింగ్ గీతను. బోర్లు ఇన్ని ఉన్న పల్లెలో కాలిన మోటారును ఇప్పటిదాకా టౌన్‌కు మోసుకుపోతున్నారు. రాగి తీగ చుట్టడం నేర్పడానికి అనంతపురంలో ఒక మేస్త్రి ఒప్పుకున్నాడు. ఆమెతోపాటు ఇంకో ఇద్దరు ఉంటే బస్సు ఛార్జీలు రైతు సంఘం పెట్టుకుంటుంది. ఇప్పటికి ఒకరు దొరికారు, ఇంకొకరి కోసం చూస్తున్నాం.