తిరిగిరాని బాంబర్ల వెతుకులాట: అపోహలు - వాస్తవాలు

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు దాడికి వెళ్ళి తిరిగిరాని విమానాల గురించి, అందులో ఉన్నవాళ్ళ గురించి వెతకడం నా పని. మా తాత ఏమయ్యాడో చెప్పగలరా అని కుటుంబాలవాళ్ళు అడుగుతారు. బ్రిటన్ బాంబర్ కమాండ్‌లో పనిచేసిన సుమారు 1,25,000 మంది విమాన సిబ్బందిలో 55,573 మంది చనిపోయారు కాబట్టి ఇలా అడిగే ఇళ్ళు ఇప్పటికీ చాలా ఉన్నాయి. నాకు ఎక్కువగా ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: స్క్వాడ్రన్ రికార్డు పుస్తకం దొరికితే అంతా తెలిసిపోతుంది.

వాస్తవం: లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఈ పుస్తకాలు ఉన్నాయి. ఎవరు వెళ్ళారు, ఎన్నింటికి బయల్దేరారు, లక్ష్యం ఏ ఊరు అన్నవి అందులో దొరుకుతాయి. ఆ తర్వాత చాలాసార్లు ఒక్కటే వాక్యం: బయల్దేరాక కబురు లేదు. అది రాసినవాడికి విమానం రాలేదన్న సంగతి తప్ప ఇంకేమీ తెలియదు. అసలు సమాచారం విమానం పడిన చోట ఉంటుంది. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వైమానిక దళం గాలింపు బృందాలు యూరప్‌లో ఊరూరా తిరిగాయి. చర్చి ఫాదర్‌ని, కాటికాపరిని అడిగి, అవసరమైతే సమాధులు తవ్వించాయి. కాలర్ లోపల లాండ్రీ గుర్తు, వేలి ఉంగరం, చొక్కా మీద కుట్టిన పేరు లాంటివాటితో మనిషిని గుర్తుపట్టాయి. నేనైతే ముందు ఆ బృందాల నివేదికే వెతుకుతాను.

అపోహ: సమాధి ఉన్నచోటే విమానం కూలింది.

వాస్తవం: జర్మనీలో పల్లెల్లో పాతిపెట్టినవాళ్ళను తర్వాత రైఖ్స్‌వాల్డ్, రైన్‌బర్గ్, డుర్న్‌బాఖ్ లాంటి పెద్ద శ్మశానాలకు తరలించారు. కూలిన పొలం అక్కడికి ఎంతో దూరంలో ఉండొచ్చు. ఉమ్మడి సమాధి అని రాసి ఉంటే, ఎవరి అవశేషాలు ఎవరివో విడదీయలేకపోయారని అర్థం. ఆ మాట కుటుంబానికి చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే.

అపోహ: జర్మన్లు పేలిపోతున్న విమానంలా కనిపించే ఉత్తుత్తి గుండ్లు పేల్చేవారు.

వాస్తవం: వీటిని స్కేర్‌క్రో అనేవారు. సిబ్బంది నిజంగానే నమ్మారు. అలాంటి గుండు జర్మన్ల దగ్గర లేనే లేదు. వాళ్ళు చూసినవన్నీ తమవాళ్ళ విమానాలే. 1943 నుంచి జర్మన్ రాత్రి ఫైటర్లు పైకి గురిపెట్టిన ఫిరంగులతో కింద నుంచి రెక్కల్లోని పెట్రోల్ ట్యాంకులను కొట్టేవి. చాలా బ్రిటిష్ లాంకాస్టర్ బాంబర్లకు కింది వైపు గన్నే లేదు. అందుకే ఏ పాత లాగ్‌లోనైనా స్కేర్‌క్రో అన్న మాట కనిపిస్తే నేను దాటేయను, సమయం, చోటు రాసుకుంటాను. ఆ నిమిషంలో అక్కడ ఏడుగురు ఉన్న విమానం పోయి ఉండొచ్చు.

అపోహ: ఆచూకీ లేదంటే సముద్రంలో పడినట్టే.

వాస్తవం: లేడీ బీ గుడ్ గురించి కూడా అలాగే అనుకున్నారు. ఆ అమెరికన్ బీ-24 విమానం 1943 ఏప్రిల్ 4న లిబియాలోని సొలూఖ్ నుంచి తొమ్మిది మందితో నేపుల్స్ మీద దాడికి వెళ్ళింది. రాత్రి తిరిగొస్తూ తెలియకుండానే స్థావరం దాటేసి, ఇంకా సముద్రం మీదే ఉన్నామనుకుని ఎడారిలోకి వెళ్ళిపోయింది. గాలింపు మధ్యధరా సముద్రంలో జరిగింది, ఏమీ దొరకలేదు. 1958లో చమురు అన్వేషకులకు తీరానికి సుమారు 700 కిలోమీటర్ల లోపల, ఇసుకలో ఆ విమానం కనిపించింది. లోపల మనుషులు లేరు, పారాచూట్లూ లేవు. 1960లో మృతదేహాలు దొరికాకే సంగతి తేలింది. ఒకరికి పారాచూట్ సరిగా తెరుచుకోలేదు. మిగతా ఎనిమిది మంది కలుసుకుని ఉత్తరానికి నడిచారు. వాళ్ళ దగ్గర ఉన్నది సగం క్యాంటీన్ (సైనికుల నీళ్ళ సీసా) నీళ్ళు, మనిషికి రోజుకు ఒక మూతెడు. కో-పైలట్ డైరీ ఏప్రిల్ 12 దాకా సాగింది. నూరు కిలోమీటర్లకు పైగా నడిచారు. నీళ్ళు, తిండి కొంత మిగిలి ఉన్న విమానం మాత్రం దక్షిణాన, వాళ్ళు దూకిన చోటికి పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అటు వెళ్ళాలని వాళ్ళకు తెలిసే దారి లేదు.

అపోహ: శిథిలాలు దొరికితే అది ఏ విమానమో ఇట్టే తెలుస్తుంది.

వాస్తవం: నెదర్లాండ్స్‌లోని మార్కర్‌మేర్ సరస్సులో 2008లో ఒక పడవ లంగరుకు బ్రిటిష్ స్టర్లింగ్ బాంబర్ చక్రాల భాగం తగులుకుంది. మొదట అది వేరే స్టర్లింగ్ అనుకున్నారు. 1943 మార్చి 29-30 రాత్రి బెర్లిన్ దాడికి వెళ్ళిన బీకే716 నంబరు విమానమని తర్వాత తేలింది. 2020లో పైకి తీశారు. పొరపాటు బయటపడకపోతే వేరే విమానంవాళ్ళ కుటుంబాలకు తప్పుడు కబురు అందేది.

ఇక బర్మా వైపు పోయినవాళ్ళ గురించి అడిగేవాళ్ళకు ఒక్క మాట. బెంగాల్ నుంచి ఎగిరిన బ్రిటిష్ వైమానిక దళం లిబరేటర్ (బీ-24) బాంబర్ల సిబ్బందిలో సమాధి లేనివాళ్ళ పేర్లు సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీద ఉంటాయి. లండన్ దగ్గరి రన్నీమీడ్ స్మారకం మీది 20 వేలకు పైగా పేర్లలో వెతికి, లేదని నిరాశపడకండి.

తేదీల విషయంలో కూడా జాగ్రత్త. దాడి ఒక రాత్రిలో రెండు తేదీల మీదుగా సాగేది కాబట్టి ఒక కాగితంలో 29 అని, మరోదాంట్లో 30 అని ఉంటుంది. గడియారాలూ ఎప్పుడూ కలవవు: 1944 సెప్టెంబరు చివర్లో బ్రిటన్, జర్మనీ సమయాలకు గంట తేడా ఉంది. ఫలానా జర్మన్ పైలట్ కూల్చాడని ఎవరైనా చెబితే, ఆ గంట లెక్క చూశారా అని అడగండి. మీరు వెతకడం మొదలుపెట్టేటప్పుడు పేరు కన్నా సర్వీస్ నంబరు చేతిలో ఉంచుకోండి. ఒకే పేరు ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారు.