బస్తాలో నత్రజని, పొటాష్: అపోహలు - వాస్తవాలు

నల్గొండ జిల్లాలో మట్టి నమూనాలు పరీక్షించడం నా పని. రిపోర్టు కోసం వచ్చే రైతుల నోట తరచూ వినపడే మాటలివి.

అపోహ: యూరియా చల్లితే చాలు, పంటకు అందినట్టే.

వాస్తవం: వేర్లు యూరియాను ఉన్నదున్నట్టు తీసుకునేది చాలా తక్కువ. మట్టిలోని యూరియేజ్ అనే ఎంజైమ్ దాన్ని ముందు అమ్మోనియంగా మారుస్తుంది. తర్వాత బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది. పంటకు అందేది ప్రధానంగా ఈ రెండు రూపాల్లోనే. పెద్ద చిక్కు మొదటి మెట్టులోనే ఉంది. గింజ కరిగిన చోట క్షారగుణం పెరిగి, అమ్మోనియం కాస్తా అమ్మోనియా వాయువై లేచిపోతుంది. సున్నం ఉన్న నల్లరేగళ్లలో, అందులోనూ ఎండ కాస్తుంటే, ఈ నష్టం మరీ ఎక్కువ. నమ్మకం కుదరకపోతే సీసాలో గుప్పెడు తడి రేగడి మట్టి, చెంచాడు యూరియా కలిపి, మూత బిగించి, ఒకట్రెండు రోజులు నీడలో ఉంచండి. మూత తీయగానే వచ్చే ఘాటు అమ్మోనియాది. మీరు డబ్బు పెట్టి కొన్న నత్రజనే అది.

45 కిలోల బస్తాలో 46 శాతం లెక్కన నత్రజని 20.7 కిలోలు. లైన్లో చెప్పులు పెట్టి మరీ తెచ్చుకున్న బస్తా అది, గాలిపాలు చేయకండి. పత్తికైతే మొక్క పక్కన చిన్న గుంత తీసి, వేసి, మట్టి కప్పండి. వరికైతే నీళ్లు తీసేసి బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత నీళ్లు పెట్టండి. నిండు నీళ్లున్న మడిలో యూరియా చల్లుతుంటే చూడలేను, ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: వేపపూత ఉంది కాబట్టి నష్టమేమీ ఉండదు.

వాస్తవం: 2015 నుంచి మనకు వస్తున్నది వేపపూత యూరియానే. ఆ పూత నైట్రేట్‌గా మారే వేగాన్ని తగ్గిస్తుంది, అంతవరకు మేలే. నైట్రేట్‌ది రుణావేశం, మట్టి రేణువులదీ ఎక్కువగా అదే, అందుకే మట్టి దాన్ని పట్టి ఉంచలేదు. మహబూబ్‌నగర్ వైపు చల్కల్లో, అంటే ఇసుక పాలెక్కువున్న ఎర్ర నేలల్లో, ఒక్క పెద్ద వానకే వేర్ల కిందికి జారిపోతుంది. కానీ పైన చల్లి వదిలేసిన యూరియా నుంచి అమ్మోనియా లేచిపోవడాన్ని ఈ పూత ఆపదు. మట్టి కప్పాల్సిందే, దఫాలుగా వేయాల్సిందే.

అపోహ: ఎర్ర పొటాషే అసలుది, తెల్లది నకిలీ.

వాస్తవం: రెండూ పొటాషియం క్లోరైడే. ఎరుపు గనిలో అంటుకున్న ఇనుప ఆక్సైడ్‌ది, దానికీ బలానికీ సంబంధం లేదు. బస్తా మీది 60 శాతం కూడా పొటాషియం ఆక్సైడ్ లెక్కలో రాసిన అంకె. అసలు పొటాషియం దాదాపు 50 శాతం.

పొటాష్ వేస్తే చేను చవిటిబారుతుందన్న భయమూ చాలామందికి ఉంది. సిఫారసు మేరకు వేస్తే వరికి, పత్తికి ఆ టెన్షన్ అక్కర్లేదు. బత్తాయి సంగతి వేరు. నిమ్మజాతి చెట్లకు క్లోరైడ్ పడదు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్న తోటల్లో క్లోరైడ్ బదులు సల్ఫేట్ ఉండే సల్ఫేట్ ఆఫ్ పొటాష్ నయం. ఖరీదెక్కువే, అయినా ఆ తోటలకు అదే వేయమంటాను.

ఇక పైరు ఎంత నల్లబడితే, అంటే ముదురు పచ్చగా మారితే, అంత దిగుబడి అనేవాళ్లకు: నత్రజని మితిమీరితే ఆకు మెత్తబడి సుడిదోమను పిలుస్తుంది, పైరు పడిపోతుంది. చల్కల్లో వరికి పొటాష్‌ను సగం ఆఖరి దమ్ములో, మిగతా సగం చిరుపొట్ట దశలో, అంటే కాండం లోపల వెన్ను మొదలయ్యేటప్పుడు, యూరియాతో కలిపి వేయండి.