కూడలిలో రోడ్డును ఎందుకు కుదిస్తున్నారు?

జంక్షన్‌లో భద్రత పనులు మొదలయ్యాయంటే బారికేడ్ల పక్క నుంచి వెళ్లేవాళ్లు అనే మాట దాదాపు ఒక్కటే. "ట్రాఫిక్ ఇంత పెరిగితే రోడ్డు వెడల్పు చెయ్యాలి గానీ, ఉన్నది కూడా ఇరుకు చేస్తారేంటి?" అడగడంలో తప్పేం లేదు. మలుపు దగ్గర ఫుట్‌పాత్‌ను ముందుకు జరుపుతారు, ఫ్రీ లెఫ్ట్ మూసేస్తారు, రోడ్డు మధ్యలో నిలబడడానికి ఓ దిమ్మె కడతారు, మూల మీద పార్కింగ్ ఎత్తేస్తారు. చూడ్డానికి రోడ్డును తినేస్తున్నట్టే ఉంటుంది. తినేస్తున్న మాట నిజమే కూడా. ఎందుకో తెలియాలంటే సిగ్నల్ పుట్టిన చోటికి వెళ్లాలి.

1868 డిసెంబరులో లండన్‌లో, పార్లమెంటు భవనం ముందు ఒక పొడవాటి స్తంభం నిలబెట్టారు. దాన్ని రూపొందించిన జాన్ పీక్ నైట్ రైల్వే ఇంజనీరు. అందుకే అది అచ్చం రైలు సిగ్నల్‌లాగే ఉండేది. పగలు పైకీ కిందికీ కదిలే చేతులు, రాత్రి ఎరుపు, ఆకుపచ్చ గ్యాస్ దీపాలు. పక్కనే ఒక పోలీసు నిలబడి తిప్పాలి. మోటారు కార్లు ఇంకా రోడ్డెక్కని రోజులవి. గుర్రపు బళ్ల మధ్య నుంచి మనుషులు రోడ్డు దాటలేకపోతున్నారన్నదే అప్పటి బాధ. నెల తిరగకుండానే, 1869 జనవరిలో, గ్యాస్ లీకై అది పేలి పోలీసు గాయపడ్డాడు. దాంతో ఆ ఆలోచన దశాబ్దాల పాటు మూలనపడింది.

మళ్లీ వచ్చేసరికి కార్లు వచ్చేశాయి. 1914 ఆగస్టు 5న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కరెంటు సిగ్నల్ వెలిగింది. ఉన్నవి రెండే రంగులు, ఎరుపు, ఆకుపచ్చ. రంగు మారే ముందు ఒక బజర్ మోగేది. 1920లో డెట్రాయిట్ పోలీసు అధికారి విలియం పాట్స్ మూడో రంగు పసుపును చేర్చి, నాలుగు వైపులా కనిపించే సిగ్నల్ తయారుచేశాడు. అదే క్లీవ్‌లాండ్‌లో ఉండే గారెట్ మోర్గన్ 1923లో పేటెంట్ పొందిన యంత్రంలో ఇంకో సంగతి ఉంది. ఒక వైపు ఆపి ఇంకో వైపు వదిలే ముందు, అన్ని వైపులా కాసేపు ఆపేసే స్థానం. ఆ ఉపాయం ఇంకా బతికే ఉంది. ఇవాళ్టి సిగ్నళ్లలో నాలుగు వైపులా ఎరుపు ఉండే ఒకటి రెండు సెకన్లు అవే. చివరి క్షణంలో దూరిన బండి బయటపడడానికి ఇచ్చే సమయం అది. మనకు మాత్రం సిగ్నల్ పనిచేయట్లేదేమో అనిపిస్తుంది, వెనకవాడు హారన్ మొదలుపెడతాడు.

నడిచేవాళ్ల కోసం మొదలైన సంగతి బళ్ల సంగతిగా మారింది కూడా ఆ 1920ల్లోనే. అంతకుముందు వీధి అందరిదీ. తాకితే తప్పు బండివాడిదే అనుకునేవాళ్లు. అమెరికా నగరాల్లో మరణాలు పెరిగి జనం తిరగబడుతున్న సమయంలో, కార్ల పరిశ్రమ పక్షం వాదన మార్చింది. ఇష్టమొచ్చిన చోట రోడ్డు దాటేవాడిదే తప్పంటూ వాడికి 'జేవాకర్' అని ఎగతాళి పేరు ప్రచారం చేసింది. 1925లో లాస్ ఏంజెలెస్ తెచ్చిన ట్రాఫిక్ నిబంధనలు నడిచేవాళ్లను క్రాసింగుల్లోకి నెట్టాయి. ఆ నమూనా చాలా ఊళ్లకు పాకింది. ఆ తర్వాత కూడలిని చూసే లెక్క ఒకటే అయింది: గంటకు ఎన్ని బళ్లు దాటాయి? బండి ఆగకుండా తిరగాలని మలుపుల మూలలు గుండ్రంగా కోశారు, ఫ్రీ లెఫ్ట్‌లు పెట్టారు, లైన్లు పెంచారు. మూల ఎంత గుండ్రంగా ఉంటే బండి అంత వేగంగా తిరుగుతుంది. నడిచేవాడు దాటాల్సిన దూరం కూడా అంత పెరుగుతుంది. ఇప్పుడు తవ్వి సరిచేస్తున్నది చాలావరకు ఆ కాలం పనులనే.

నడిచేవాళ్ల కోసం ఏమీ చేయలేదని కాదు. 1934లో బ్రిటన్‌లో క్రాసింగుల దగ్గర నారింజ రంగు గోళాలున్న స్తంభాలు పెట్టారు. రోడ్డు మీద గుర్తుగా కొట్టిన బిళ్లలు డ్రైవర్లకు సరిగా కనిపించేవి కాదు. అందుకే రకరకాల చారలు వేసి చూసి, 1951లో నలుపు తెలుపు జీబ్రా చారలను చట్టంలోకి తెచ్చారు. ఇంకోవైపు ఇనుప రెయిలింగులూ వచ్చాయి. అవి జనాన్ని కాపాడడానికేనని పేరు. కానీ వాటి మధ్య నుంచి చూస్తే బండివాడికి పిల్లలు కనిపించరు. పైగా మనిషి ఎదురుగా ఉన్న షాపుకు వెళ్లాలంటే యాభై అడుగులు చుట్టు తిరగాలి, అందుకని దూకేస్తాడు. 2000ల మొదట్లో లండన్‌లోని కెన్సింగ్టన్ హై స్ట్రీట్‌లో రెయిలింగులు పీకేసి రోడ్డును సరిదిద్దాక, నడిచేవాళ్లకు ప్రమాదాలు పెరగలేదు సరికదా, తగ్గాయి.

ఇక రౌండబౌట్. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది, ఎందుకంటే ఒక్క రూలు మార్చడంతో దాని జాతకం మారింది. గుండ్రంగా తిరిగే కూడళ్లు కొత్తేమీ కాదు. న్యూయార్క్ కొలంబస్ సర్కిల్‌లో 1905లో, పారిస్‌లోని ఎత్వాల్ కూడలిలో 1907లో బళ్లను ఒకే దిశలో తిప్పడం మొదలుపెట్టారు. చిక్కల్లా ఎవరు ఆగాలన్న దగ్గర వచ్చింది. బయటి నుంచి వచ్చే బండికే ముందు దారి ఇచ్చేవాళ్లు చాలాచోట్ల. అలా ఇస్తే లోపలున్న బండి ఆగాలి, దాని వెనకది ఆగాలి, చివరికి లోపలిది బయటికి పోలేదు, బయటిది లోపలికి రాలేదు. ముడి పడిపోతుంది. 1950లకల్లా అమెరికా వాటిని దాదాపు వదిలేసింది. బ్రిటన్‌లో రోడ్డు పరిశోధకుడు ఫ్రాంక్ బ్లాక్‌మోర్ వంటివాళ్లు తిరగేసి చూశారు: లోపల తిరుగుతున్న బండిదే హక్కు, వచ్చేవాడు ఆగి సందు చూసుకుని దూరాలి. 1966 నవంబరులో ఇది దేశమంతటా రూలయింది. ముడి విడిపోయింది. అన్నట్టు, ఎత్వాల్ ఇప్పటికీ పాత పద్ధతిలోనే నడుస్తుంది. అక్కడ కారు నడపడం ఎలా ఉంటుందో నడిపినవాళ్లనే అడగాలి.

జామ్ తప్పడం ఒక లాభం, ప్రాణాలు దక్కడం అంతకంటే పెద్దది. మామూలు నాలుగు రోడ్ల కూడలిలో బండి దారి ఇంకో బండి దారిని తాకే చోట్లు 32 ఉంటాయి. ఒకే లైను రౌండబౌట్‌లో 8. పైగా పక్క నుంచి వచ్చి నేరుగా గుద్దే అవకాశం దాదాపు పోతుంది. అమెరికాలో ఇరవైకి పైగా కూడళ్లను ఇలా మార్చాక లెక్కగడితే, గాయాలయ్యే ప్రమాదాలు 75 శాతం దాకా తగ్గాయని తేలింది. గుద్దుకోవడాలు ఆగిపోలేదు. చిన్నవయ్యాయి, అంతే. అయితే రెండు మూడు లైన్ల పెద్ద రౌండబౌట్లలో సైకిలువాళ్లకు, చూపులేనివాళ్లకు ఈ లాభం అంతగా దక్కదు.

చిన్నవయ్యాయి, అంతే. దీన్నే 1997 అక్టోబరులో స్వీడన్ పార్లమెంటు విధానంగా మార్చింది. 'విజన్ జీరో' అన్నారు. మనిషన్నాక పొరపాటు చేస్తాడు, ఆ పొరపాటుకు ప్రాణం మాత్రం పోకూడదు, రోడ్డును అలా కట్టడం కట్టేవాళ్ల బాధ్యత. అప్పటిదాకా ప్రమాదం జరిగితే డ్రైవరునో, దాటినవాడినో అనేవాళ్లు. ఇప్పుడు ఇంజనీరును కూడా అడగొచ్చు.

ఎందుకు వేగం మీదే ఇంత పట్టుదల? గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ముందుకు ఒక పాప వచ్చిందనుకోండి. చూసి బ్రేకు మీద కాలు వేయడానికి సెకను. పొడి రోడ్డయితే, బ్రేకు గట్టిగా పడితే, మొత్తం 13 మీటర్ల లోపో, అటూ ఇటూగానో ఆగుతుంది. అదే చోట 50లో వస్తే, ఆ ఒక్క సెకనులోనే కారు దాదాపు 14 మీటర్లు వచ్చేసి ఉంటుంది. అంటే మొదటి కారు ఆగిపోయిన చోట, రెండోదానికి బ్రేకు ఇంకా పడనే లేదు.

ఈ దారిలో అతి కూడా జరిగింది. నెదర్లాండ్స్‌కు చెందిన హాన్స్ మోండర్‌మన్, సిగ్నళ్లూ గీతలూ తీసేస్తే జనం కళ్లలోకి చూసుకుని జాగ్రత్తగా వెళ్తారన్నాడు. డ్రాక్టెన్ పట్టణంలో రద్దీ కూడలినే అలా మార్చి చూపించాడు, అక్కడ పనిచేసింది కూడా. కానీ కళ్లలోకి చూడలేనివాళ్ల సంగతి? ఫుట్‌పాత్ అంచు కర్రకు తగలకపోతే చూపులేని మనిషికి రోడ్డెక్కడ మొదలైందో తెలియదు. ఆ అభ్యంతరాలు గట్టిగా వినిపించాకే, 2018లో బ్రిటన్ ప్రభుత్వం అంచులు తీసేసే పథకాలను ఆపమంది. చూపులేనివాళ్లు కాలితో గుర్తుపట్టడానికి జపాన్‌లో సెయిచి మియాకే 1965లో కనిపెట్టిన బుడిపెల పలకలు, 1967లో ఒకయామాలో మొదట వేసినవి, ఇవాళ చాలా దేశాల్లో క్రాసింగుల దగ్గర కాలికి తగులుతున్నాయి. వాటిని అందం కోసం పగలగొట్టి మామూలు టైల్స్ వేయించేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

మూల మీద పార్కింగ్ ఎత్తేయడం వెనక పెద్ద సిద్ధాంతం ఏమీ లేదు. అక్కడ బండి ఆగి ఉంటే దాటేవాడూ నడిపేవాడూ ఒకరికొకరు కనిపించరు. అమెరికాలో హోబోకెన్ అనే చిన్న నగరం మూలలన్నీ ఇలా ఖాళీ చేయించడం మీద పట్టుబట్టింది. వేగం తగ్గించడం వంటి పనులూ పక్కనే చేసింది. అక్కడ 2017 జనవరి తర్వాత ఏడేళ్లకు పైగా రోడ్డు మీద ఒక్క ప్రాణమూ పోలేదు.

ఎంత కుదించాలన్నది మాత్రం ప్రతి కూడలికీ వేరే లెక్క. బస్సు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలికి వస్తాయి. మూల మరీ బిగిస్తే అవి ఫుట్‌పాత్ ఎక్కుతాయి, ఫైరింజను ఇరుక్కుంటుంది. అందుకే అనుభవమున్నవాళ్లు ముందు కోన్లు, పెయింటుతో కొన్ని వారాలు నడిపి చూసి, తర్వాతే కాంక్రీటు పోస్తారు. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో 2009లో కొంత రోడ్డును మూసినప్పుడు మొదట వేసినవి మడత కుర్చీలే. మరుసటి ఏడాది దాన్ని శాశ్వతం చేశారు.

కోన్లు లేకపోయినా తెలుసుకునే దారి ఒకటుంది. పొద్దున్నే రద్దీ కూడలిలో నేల వంక చూడండి. చక్రాలు తిరిగే చోట తారు నల్లగా మెరుస్తుంటుంది. మూలల దగ్గర, లైన్లు విడిపోయే చోట, ఏ బండీ తొక్కని త్రికోణాల్లో ఇసుక, గాజు ముక్కలు, పాత టికెట్లు పేరుకుని ఉంటాయి. మంచు దేశాల్లో కరగని మంచు ఇదే పని చేస్తుంది. కొత్త ఫుట్‌పాత్ చాలాసార్లు సరిగ్గా ఆ దుమ్ము మీదే లేస్తుంది.