హెచ్‌ఎంఐ స్క్రీన్లలో గ్లోబల్ ఆబ్జెక్టులు: అపోహలు - వాస్తవాలు

హెచ్‌ఎంఐ అంటే ప్లాంట్‌లో ఆపరేటర్ యంత్రాలను చూస్తూ నడిపే స్క్రీన్. అలాంటి స్క్రీన్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ రాక్‌వెల్ వారి ఫ్యాక్టరీటాక్ వ్యూ. అందులో మోటార్, వాల్వ్ లాంటి బొమ్మను ఒక్కసారి గీసి గ్లోబల్ ఆబ్జెక్ట్స్ ఫోల్డర్‌లో పెడతాం. అది బేస్ ఆబ్జెక్ట్. అక్కడి నుంచి స్క్రీన్లలోకి కాపీ చేసుకునేవన్నీ దానికి లింకై ఉండే రిఫరెన్స్ ఆబ్జెక్టులు. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ల దగ్గర వీటి గురించి నేను తరచూ వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: బొమ్మ ఒకటే కాబట్టి ఒక్కచోట టెస్ట్ చేస్తే చాలు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. లింక్ ఉండేది బొమ్మకు. ఆ బొమ్మ ఏ పంపును చూపించాలో చెప్పేది పారామీటర్ విలువ, అది ప్రతి రిఫరెన్స్‌కూ విడిగా ఉంటుంది. పి-101 అనే పంపు బొమ్మను కాపీ చేసి పి-102 దగ్గర పెడితే పాత విలువ కూడా వెంట వస్తుంది. లేబుల్ మార్చి, #1 (మొదటి పారామీటర్) దగ్గర ట్యాగ్ (కంట్రోలర్‌లో ఆ పంపు డేటాకు ఉన్న పేరు) మార్చడం మరిచిపోయారనుకోండి. పి-102 ఆగి ఉన్నా బొమ్మ మాత్రం రన్నింగ్ చూపిస్తుంది. ఎర్రర్ కూడా రాదు, ఎందుకంటే ఆ ట్యాగ్ నిజంగానే ఉంది. ఆపరేటర్ పి-102ను ఆపుదామని స్టాప్ నొక్కితే ఆగేది పి-101! అందుకే కమిషనింగ్‌లో, అంటే ప్లాంట్‌ను నడపడానికి సిద్ధం చేసేటప్పుడు, ప్రతి బొమ్మనూ ఫీల్డ్‌లోని పరికరంతో ఒక్కొక్కటిగా సరిచూడాల్సిందే. షెడ్యూల్ టైట్‌గా ఉందని దీన్ని వదిలేస్తామంటే నేను ఒప్పుకోను.

అపోహ: లింక్ చేస్తే అన్నీ అచ్చుగుద్దినట్టు ఉండాలి, తేడా కావాలంటే లింక్ తెంచాలి.

అక్కర్లేదు. రిఫరెన్స్ ఆబ్జెక్ట్ ప్రాపర్టీల్లో లింక్‌సైజ్‌ను ఫాల్స్ చేస్తే ఆ ఒక్క స్క్రీన్‌లో సైజు మార్చుకోవచ్చు. లింక్‌యానిమేషన్‌లో (రంగు మారడం, కదలడం లాంటివాటి ప్రాపర్టీ) ఎక్స్‌ప్రెషన్లతో (వాటిని నిర్ణయించే సూత్రాలతో) సహా లింక్ చేయొచ్చు, అవి లేకుండా చేయొచ్చు, అసలు లింకే వద్దనుకోవచ్చు. ఇది తెలియక చిన్న తేడాకే బ్రేక్ లింక్ కొట్టేస్తుంటారు. తెగాక అది మామూలు బొమ్మే, మళ్లీ అతుక్కోదు. ఎప్పుడో అలారం రంగు మార్చినప్పుడు ఆ ఒక్క వాల్వ్ పాత రంగులోనే మిగిలిపోతుంది, అది ఎందుకో అప్పుడు ఎవరికీ గుర్తుండదు.

అపోహ: బేస్ మారిస్తే ప్లాంట్‌లో వెంటనే మారిపోతుంది.

ఫ్యాక్టరీటాక్ వ్యూ ఎస్‌ఈలో (సైట్ ఎడిషన్, కంప్యూటర్లలో నడిచేది) అప్పటికే తెరిచి ఉన్న స్క్రీన్‌ను మూసి మళ్లీ తెరవాలి. ఎంఈలో (మెషిన్ ఎడిషన్) అయితే రన్‌టైమ్ ఫైల్ కొత్తగా తయారుచేసి ప్యానెల్‌వ్యూలోకి (మెషిన్ దగ్గరుండే ఆపరేటర్ ప్యానెల్) డౌన్‌లోడ్ చేయాలి. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా ప్లాంట్లలో పనిచేసేవాళ్లకు ఇంకో మాట: చేంజ్ కంట్రోల్‌లో (మార్పును నమోదుచేసి ఆమోదం తీసుకునే పత్రం) ‘ఒక బొమ్మ మార్పు’ అని రాసి ఊరుకోకండి. ఆ బేస్‌ను వాడే స్క్రీన్ల జాబితా మొత్తం జత చేయండి.

అపోహ: గ్లోబల్ ఆబ్జెక్టులుంటే పని దానంతటదే తగ్గుతుంది.

పీఎల్‌సీలో (యంత్రాలను నడిపే కంట్రోలర్) ట్యాగులు ఇష్టమొచ్చినట్టు ఉంటే ఒక్కో మోటార్‌కూ రన్, ట్రిప్, ఆటో అంటూ ప్రతిదానికీ ఒక పారామీటర్ నింపుకుంటూ కూర్చోవాలి. మోటార్లన్నిటికీ ఒకే యూడీటీ (మనమే నిర్వచించుకునే డేటా నమూనా) గానీ యాడ్-ఆన్ ఇన్‌స్ట్రక్షన్ (మళ్లీ మళ్లీ వాడుకోగల ప్రోగ్రామ్ ముక్క) గానీ ఉంటే #1 ఒక్కటే ఇస్తే సరి. ట్యాగ్‌లో చుక్క తర్వాత వచ్చే పేర్లన్నీ (రన్, ట్రిప్ లాంటివి) బేస్‌లోనే ఉంటాయి. కాబట్టి మొదటి బొమ్మ గీయకముందే పీఎల్‌సీ ప్రోగ్రామర్‌తో కూర్చుని ఆ పేర్లు ఖాయం చేసుకోండి.

అపోహ: స్క్రీన్ ఫైల్ ఒక్కటి పట్టుకెళ్తే ఇంకో ప్రాజెక్టులో పనిచేస్తుంది.

పనిచేయదు. బేస్ ఆబ్జెక్టులున్న గ్లోబల్ డిస్‌ప్లేను (గ్లోబల్ ఆబ్జెక్ట్స్ ఫోల్డర్‌లోని ఫైల్) కూడా ఆ ప్రాజెక్టులోకి తీసుకెళ్లాలి, అదీ స్క్రీన్ కన్నా ముందే.