బంకు దొరకని సూసాయి, సర్టిఫికెట్ దొరకని సరిహద్దు

కాలేజీ అడ్మిషన్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తుల రోజులొచ్చాయంటే ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఒకటే గుబులు: కుల ధ్రువపత్రానికి ఏమని రాసివ్వాలి? దళిత క్రైస్తవుల ఎస్సీ హోదాను పరిశీలించమని 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. రెండేళ్లన్న గడువు పొడిగింపుల మీద నడిచింది. ఈలోగా 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మతం మారి పాస్టరుగా ఉన్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని చెప్పడంతో పాత తగవు మళ్లీ రాజుకుంది.

ఎవరు ఎస్సీలో చెప్పే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సంగతి తెలిసిందే. మొదట హిందువులకే అన్న ఎస్సీ హోదాను 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. అయితే క్రైస్తవులకు ఈ తలుపు 1950కి ముందే మూశారు. 1936లో ఒడిశా ప్రావిన్సు ఏర్పడి పర్లాకిమిడి మద్రాసు నుంచి విడిపోయింది. భారతీయ క్రైస్తవులెవరినీ షెడ్యూల్డ్ కులస్తులుగా పరిగణించరాదన్న ఉత్తర్వు వచ్చిందీ ఆ ఏడాదే. తెల్లదొరలు తమ మతంలో కలిసినవాళ్లకు అన్నీ దోచిపెట్టారని వాదించేవాళ్లు ఈ ఉత్తర్వు ఊసెత్తరు.

ఇవాళ్టి పేచీకి ముడి పడింది మాత్రం 1985లో. సూసాయి మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషి. అలాంటివాళ్లకు ఎండావానా తగలకుండా ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది. ఆయనకు ఇవ్వలేదు, క్రైస్తవుడు గనుక. అదే పని, అదే రోడ్డు, పుట్టింది ఆది ద్రావిడ కులంలోనే. సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయాడు. మతం మారాక కులం మిగిలి ఉందంటే చాలదు, ఆ కులం వల్ల పడే బాధలు కొత్త మతంలోనూ అంతే తీవ్రంగా ఉన్నాయని రుజువు చేయాలంది కోర్టు. అలాంటి సమగ్ర అధ్యయనమేదీ తన ముందు లేదని కూడా అంది.

అప్పటినుంచీ రుజువు తెచ్చే భారం బాధితుడిదే. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ హోదాకు మతంతో ముడి తీసేయమని చెప్పింది. క్షేత్ర పరిశీలన లేకుండా రాసిన నివేదిక అంటూ 2022లో కేంద్రం దాన్ని కోర్టులో తోసిపుచ్చింది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ 2004లో సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ ఈ వాదోపవాదాల మధ్యే ఏళ్లకేళ్లు నలిగింది.

కోర్టులే ఇంకో మాట కూడా చెప్పాయి. మారినవాడు తిరిగి హిందువై, కులంవాళ్లు కలుపుకుంటే ఎస్సీ హోదా తిరిగొస్తుందని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది. మరి నడుమ ఉన్నన్నాళ్లూ ఆ కులం ఎక్కడికి పోయినట్టు?

పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో 2011 లెక్కల ప్రకారం సుమారు 38 శాతం క్రైస్తవులు. వారిలో సవర గిరిజనులు చాలామంది. ఎస్టీ ఉత్తర్వులో మతం షరతు లేదు కాబట్టి బాప్తిస్మం తీసుకున్న సవరకు ఎస్టీ హోదా నిలిచి ఉంటుంది. అదే ఆరాధనలో అతని పక్కన కూర్చుని ప్రభువు బల్లలో పాలుపొందే మాల విశ్వాసికి ఎస్సీ హోదా లేదు. మహేంద్రతనయ నది దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్తే అతని బంధువులు బీసీ-సీ, అంటే ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్ల వర్గం, వాళ్లకు ఒక శాతం రిజర్వేషన్. ఈ మూడు లెక్కలూ ఒక్క పెళ్లిపందిట్లో కలుస్తాయి.

అందుకే చాలామందికి బడి రికార్డులో ఒక పేరు, మందిరంలో ఇంకో పేరు. దీన్ని మోసం అంటారు. 2024లో పుదుచ్చేరి మహిళ కేసులో సుప్రీంకోర్టు కూడా, నిజంగా నమ్మకుండా కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని గట్టిగానే చెప్పింది. సంఘ కాపరులు దీని గురించి ప్రసంగాల్లో మాట్లాడరు. మాట్లాడితే ముందు వరసలోని సగంమంది తలదించుకోవాలి.

అవతలివైపు వాదన: క్రైస్తవంలో అంటరానితనం లేదు, కుల బాధ తప్పించుకోవడానికే వెళ్లారు, మళ్లీ కులం పేరిట వాటా ఎందుకు? ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల్లో ఎస్సీల వాటా 16.25 శాతం, అందులో కొత్తవాళ్లు చేరితే తమకు తగ్గుతుందని హిందూ దళితుల భయం. ఆ భయం ఉత్తదేం కాదు. ఇప్పుడున్న ఎస్సీల మీద పడే ప్రభావాన్నీ కమిషన్ చూడాల్సిందే.

ఇక క్రైస్తవంలో కులం లేదన్న మాట నిజమో కాదో తేల్చడానికి మరీ పెద్ద అధ్యయనం అక్కర్లేదు. ఏ పాత చర్చిలోనైనా పెళ్లిళ్ల రిజిస్టరు తెరిచి, మాల ఇంటిపేర్లకూ మాదిగ ఇంటిపేర్లకూ ఎన్ని సంబంధాలు కలిశాయో కమిషన్ లెక్కపెడితే చాలు.